ఇంటి కుట్టుగదికి కరెంటు పనిముట్లు: ఏది ముందు, ఏది వెనక

ఇంట్లో జాకెట్లు కుట్టేవారికి రోజుకు ఐదారు రావడం మొదలవగానే తట్టే మొదటి ఆలోచన జూకీ మిషన్, అంటే కార్ఖానాల్లో వాడే వేగమైన పవర్ మిషన్, కొనాలని. దుకాణంలో నిమిషానికి 5,000 కుట్లు అని చెబుతారు. ఆ అంకె విని డబ్బు తీసే ముందు ఒక లెక్క వేసుకోవాలి.

కుట్టు పొడవు 2.5 మి.మీ. ఉంటే మీటరుకు 400 కుట్లు పడతాయి. లైనింగ్, పైపింగ్, డబుల్ కుట్లు అన్నీ కలిపి ఒక జాకెట్‌లో 15 మీటర్ల కుట్టు ఉందనుకుందాం. అంటే 6,000 కుట్లు. మామూలు నల్ల మిషన్‌కు చిన్న మోటారు బిగిస్తే నిమిషానికి 800 కుట్ల వేగం తేలిగ్గానే వస్తుంది. ఆ లెక్కన ఏడున్నర నిమిషాలు. నిమిషానికి 4,000 కుట్ల వేగంతో అయితే నిమిషంన్నర. మిగిలేది ఆరు నిమిషాలు. అది కూడా ఎక్కడా ఆగకుండా కుడితేనే. చంక మలుపు దగ్గర, మెడ దగ్గర, డాట్ల దగ్గర అంత వేగంతో ఎవరూ కుట్టరు. జాకెట్‌కు గంటా గంటన్నర పడుతోందంటే ఆ సమయం కత్తిరింపులో, ఇస్త్రీలో, అంచుల పోగులు లేవకుండా చూడటంలో, హుక్కుల్లో, హెమ్మింగులో పోతోందన్నమాట. మిషన్ మార్చినా ఆ పనులు అలాగే ఉంటాయి.

కర్టెన్లు, దిండు గలీబులు, నైటీలు, స్కూలు యూనిఫారాలు కుట్టేవారికి ఈ లెక్క తిరగబడుతుంది. అవన్నీ బారు కుట్లు. వారికి వేగమే డబ్బు.

కాబట్టి ఏదైనా కొనే ముందు వారం రోజులు పుస్తకంలో రాసుకోండి: ఏ పనికి ఎన్ని నిమిషాలు పట్టింది, ఎన్నిసార్లు దారం తెగింది, ఎన్నిసార్లు ఇస్త్రీ పెట్టె కోసం వంటింట్లోకి వెళ్లారు. ఎక్కువ నిమిషాలు తినే పనికే ముందు పనిముట్టు కొనాలి. జాకెట్లు కుట్టే ఇళ్లలో చాలావరకు వచ్చే వరుస ఇది: మిషన్‌కు మోటారు, మంచి ఇస్త్రీ పెట్టె, ఓవర్‌లాక్ (బట్ట అంచు కోస్తూ పోగులు లేవకుండా చుట్టి కుట్టే మిషన్), ఆ తర్వాతే పవర్ మిషన్. బట్ట కోసే కరెంటు కట్టర్ అన్నిటికన్నా చివర. కొందరికి అది ఎప్పటికీ అక్కర్లేదు.

వీటన్నిటికన్నా ముందు గోడమీద ప్లగ్గు.

ప్లగ్గు, వైరు, ఎర్తు

ఇస్త్రీ పెట్టె 1,000 వాట్లు, పవర్ మిషన్‌కు వేసే సర్వో మోటారు 550, ఓవర్‌లాక్ మోటారు 250 అనుకుంటే మొత్తం 1,800 వాట్లు. 230 వోల్టుల దగ్గర 7.8 ఆంపియర్లు లాగుతుంది. చిన్న మూడు పిన్నుల సాకెట్టు 6 ఆంపియర్లకు చేసినది. దానికి ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు తగిలించి మూడూ గుచ్చితే ముందు ప్లగ్గు వేడెక్కుతుంది, తర్వాత పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ పసుపు రంగుకు తిరుగుతుంది, ఆ తర్వాత కాలిన వాసన వస్తుంది. ఇస్త్రీకి విడిగా 16 ఆంపియర్ల సాకెట్టు, దానికి బోర్డు నుంచి 2.5 చదరపు మి.మీ. రాగి వైరు వేయించండి. మిషన్లను వేరే సాకెట్టులో పెట్టండి. వైరు, ప్లగ్గు, ఇస్త్రీ పెట్టె మూడింటిమీదా ఐఎస్‌ఐ గుర్తు చూడాలి. వైరు చుట్టమీద ఐఎస్ 694 అని, ప్లగ్గు సాకెట్లమీద ఐఎస్ 1293 అని ఉంటుంది.

ఎర్తు సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. కుట్టు మిషన్ తల మొత్తం ఇనుము. దానికి బిగించే చౌక మోటార్లు రెండు పిన్నుల ప్లగ్గుతో వస్తాయి. లోపల వైరు ఒరుసుకుపోతే కరెంటు తిన్నగా మిషన్ ఒంటికి, అక్కణ్నుంచి మీ చేతికి వస్తుంది. మిషన్ ముట్టుకుంటే చిన్నగా జివ్వుమంటోందంటే చెప్పులు వేసుకుని కుట్టడం దానికి మందు కాదు. ప్లగ్గు తీసేసి, మోటారు ఒంటి నుంచి ఎర్తు వైరు తీయించి మూడు పిన్నుల ప్లగ్గు వేయించాలి. సాకెట్టులో ఎర్తు నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత ఫేజుకూ ఎర్తుకూ మధ్య బల్బు పెట్టించి చూడండి. బల్బు నిండుగా వెలగాలి. మసక వెలుతురు వస్తే ఎర్తు పిట్టు ఎండిపోయినట్టు. కుట్టుగది లైనుకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్) పెట్టించుకుంటే ఇంకా మంచిది. ఈ ఖర్చు కంటికి కనిపించదు కాబట్టే అందరూ వాయిదా వేస్తారు.

నల్ల మిషన్‌కు మోటారు

ఉషా, సింగర్, మెరిట్, ఏ పేరైనా సరే, కాలితో తొక్కే మామూలు నల్ల మిషన్ తల గట్టిగా ఉంటే దాన్ని అమ్మేయకండి. దానికి వేసే మోటారు సుమారు 90 నుంచి 100 వాట్లది. పదిగంటలు ఆగకుండా తిరిగినా ఒక యూనిట్ కాలుతుంది. నిజానికి కుట్టే పనిలో మోటారు తిరిగేది కొద్దిసేపే. ఊరిని బట్టి, కంపెనీని బట్టి ధర మారుతుంది గాని, మొత్తం పనిముట్లలో దీనికయ్యే ఖర్చే తక్కువ, దీనివల్ల మోకాళ్లకు కలిగే సుఖమే ఎక్కువ.

కొనేటప్పుడు చేతిలోకి తీసుకుని బరువు చూడండి. లోపలి చుట్టు రాగిదైతే మోటారు బరువుగా ఉంటుంది, కాలినా మళ్లీ చుట్టించుకోవచ్చు. అల్యూమినియం చుట్టు తేలిక, త్వరగా వేడెక్కుతుంది. ‘పూర్తి రాగి చుట్టు’ అని బిల్లుమీద రాయించండి. రాయనంటే ఆ మోటారు సంగతి అర్థమైనట్టే. తర్వాత కార్బన్ బ్రష్షుల మూతలు బయటనుంచి స్క్రూడ్రైవర్‌తో తీసేలా ఉన్నాయో లేదో చూడండి. బ్రష్షులు అరిగిపోయేవే. మోటారు మొత్తం విప్పితే తప్ప అందని రకమైతే ప్రతిసారీ మెకానిక్ దగ్గరికి మోసుకెళ్లాలి.

బిగించే పద్ధతి కష్టమేమీ కాదు.

1. ముందు మిషన్‌ను శుభ్రం చేయండి. పాత నూనె జిగురుగా ఉంటే అన్ని రంధ్రాల్లో రెండేసి చుక్కల కిరోసిన్ వేసి, దారం లేకుండా ఐదు నిమిషాలు తొక్కి, కారిన మురికి తుడిచి, తర్వాత మిషన్ నూనె వేయండి. కొబ్బరి నూనె వద్దే వద్దు. 24 డిగ్రీల కిందికి పోతే అది గడ్డకడుతుంది, ఎండాకాలంలో జిగురై పట్టేస్తుంది. కాలితో తొక్కినప్పుడు బరువు అనిపించని మిషన్ కూడా ఇలా పట్టేసి ఉంటే చిన్న మోటారును కాల్చేస్తుంది.

2. తోలు బెల్టు తీసేయండి. చక్రం కింద, మిషన్ స్తంభం వెనక మోటారు బ్రాకెట్టుకోసం మరతో ఒక రంధ్రం ఉంటుంది. బ్రాకెట్టును అక్కడ వదులుగా బిగించండి. చాలా పాత తలలకు ఆ రంధ్రం ఉండదు. వాటికి బల్లకు బిగించే రేకు బ్రాకెట్టు అడగాలి.

3. మోటారు పుల్లీ గాడి, చక్రం గాడి ఒకే గీతలో ఉండాలి. పైనుంచి చూసి సరిచేయండి. పక్కకు ఉంటే బెల్టు అంచు ఒరుసుకుని నల్లటి పొడి రాలుతుంది, నెలలో తెగుతుంది.

4. బెల్టు వేసి మధ్యలో వేలితో నొక్కండి. సెంటీమీటరు దాకా లోపలికి పోవాలి. అంతకన్నా బిగువైతే మోటారు వేడెక్కి బుష్షులు అరుగుతాయి. వదులైతే మందం బట్ట దగ్గర మోటారు తిరుగుతుంది, చక్రం తిరగదు.

5. అన్నీ కుదిరాక బోల్టు గట్టిగా బిగించి, ఫుట్ లేపి, దారం లేకుండా రెండు నిమిషాలు తిప్పండి. చక్రం మీవైపుకు తిరగాలి.

చౌక మోటార్లలో అసలు లోపం పెడల్‌లో ఉంటుంది. తొక్కగానే ఒక్కసారిగా దూకుతుంది, మెల్లగా తొక్కితే ‘మ్మ్’ అని మూలుగుతుంది గాని కదలదు. ఇలా మూలుగుతున్నప్పుడు పెడల్ నొక్కి ఉంచితే చుట్టు కాలిపోతుంది. వెంటనే వదిలి, చక్రాన్ని చేత్తో కాస్త తిప్పుతూ తొక్కాలి. దుకాణంలోనే పరీక్షించండి: పెడల్‌ను నెమ్మదిగా తొక్కుతూ ఒక్కొక్క కుట్టుగా పది కుట్లు వేయగలిగితే అది మంచి పెడల్. అలా కాకపోతే ఎలక్ట్రానిక్ పెడల్‌కు కొంచెం ఎక్కువ ఇవ్వడం నయం. పని మధ్యలో లేచి వెళ్లేటప్పుడు పెడల్‌ను కాలితో పక్కకు తోసేస్తే చాలదు, స్విచ్ ఆపాలి. పాకే పిల్లలున్న ఇంట్లో ఇది మరీ ముఖ్యం.

మోటారు పెట్టాక దారం తెగుతోందని చాలామంది మోటారును తప్పుపడతారు. కాలి వేగంలో దాగిన లోపాలన్నీ మోటారు వేగంలో బయటపడతాయంతే. సూది మొన వంగిందేమో, షటిల్ కొక్కెం మొనమీద గీరుందేమో గోటితో తడిమి చూడండి, దారం పాతదేమో గుంజి చూడండి. పలుచటి పట్టుకూ షిఫాన్‌కూ 11 నంబరు, మామూలు జాకెట్ బట్టకు 14, మందం బట్టకు 16, జీన్సుకు 18 నంబరు సూదులు సరిపోతాయి. ఇంటి మిషన్లకు ఒకవైపు చదునుగా ఉండే హెచ్‌ఏ×1 సూది, పవర్ మిషన్‌కు గుండ్రటి కాడ ఉన్న డీబీ×1 సూది. ఒకదాని సూది ఇంకోదానికి పనికిరాదు.

మోటారులోంచి వెనకవైపు నీలిరంగు నిప్పురవ్వలు కొద్దిగా కనిపించడం మామూలే. ఎర్రగా, పెద్దగా వస్తుంటే బ్రష్షులు అరిగినట్టు. రెండు బ్రష్షులూ కలిపే మార్చాలి. ఇంకొక మాట: అంబ్రెల్లా మిషన్‌కు (దర్జీ దుకాణాల్లో వాడే పెద్ద మిషన్) ఈ చిన్న మోటారు చాలదు. దాని చక్రం, తల బరువు. అంబ్రెల్లాకని విడిగా అమ్మే పెద్ద మోటారే పెట్టాలి.

ఇస్త్రీ పెట్టె

కుట్టేవారికీ, బట్టలు ఇస్త్రీ చేసేవారికీ ఇస్త్రీ పెట్టెలో కావలసినవి వేరు. మనకు కావలసింది అతుకు విప్పి అణచడం, కాన్వాసు అతికించడం, ప్లీట్లు నిలపడం. దీనికి 1,000 వాట్ల మామూలు డ్రై ఐరన్, కాస్త బరువైనది, చాలు. మరీ తేలికైనదైతే చేత్తో బలంగా నొక్కాలి, సాయంత్రానికి భుజం పట్టేస్తుంది. జిగురు కాన్వాసు అతికించేటప్పుడు పెట్టెను జరపకూడదు. ఒకచోట పెట్టి 10 నుంచి 15 సెకన్లు నొక్కి, లేపి, పక్కన పెట్టాలి. జరిపితే కాన్వాసు ముడతపడుతుంది, ఉతికాక బుడగలు లేస్తాయి. బుడగలు లేచాయంటే కాన్వాసు నాసిరకమని అనుకునే ముందు ఈ సంగతి చూసుకోండి.

ఆవిరి కావాలంటే రెండు దారులు. పెట్టెలోనే నీళ్లు పోసే స్టీమ్ ఐరన్ ఇంటి వాడకానికి బాగుంటుంది గాని రోజంతా పనికి నీళ్లు చాలవు, అడుగున కారుతుంది. రెండోది పైన బాటిల్ వేలాడదీసే రకం, బొటీకుల్లో వాడేది. బాటిల్‌ను ఇస్త్రీ బల్లకన్నా నాలుగైదు అడుగుల ఎత్తున కట్టాలి. తక్కువ ఎత్తులో ఉంటే నీళ్లు సరిగా దిగవు. పెట్టె పూర్తిగా వేడెక్కకముందే ఆవిరి మీట నొక్కితే ఆవిరికి బదులు నీళ్లు పడతాయి, పట్టుమీద మరక అవుతుంది. ముందు పాత బట్టమీద రెండుసార్లు వదిలి చూసుకుని తర్వాతే పట్టు దగ్గరికి వెళ్లాలి.

నీళ్ల సంగతి మన జిల్లాల్లో పెద్దదే. బోరు నీళ్లు పోస్తే కొద్ది నెలల్లోనే రంధ్రాల్లో సున్నం పేరుకుని, గోధుమరంగు పొక్కులు బట్టమీద రాలతాయి. అవి పోయించడం ఎవరివల్లా కాదు. బాటిల్‌లో నీటిని మెత్తబరిచే గుళికలు వస్తాయి, రంగు మారితే మార్చేయాలి. గుళికలున్నా సరే ఆర్‌వో నీళ్లో, బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటరో పోయడం మంచిది.

కుట్టుగదిలో కరెంటు బిల్లు పెంచేది మిషన్ కాదు, ఇస్త్రీ పెట్టె. ఎలిమెంటు గంటసేపు వెలిగితే ఒక యూనిట్. పది జాకెట్ల పనిని ఒకేసారి ఇస్త్రీకి జమ చేసుకుంటే పెట్టె పదిసార్లు మొదటినుంచి వేడెక్కక్కర్లేదు. ఇన్వర్టర్‌మీద మాత్రం ఇస్త్రీ పెట్టకండి.

ఓవర్‌లాక్

మన దగ్గర కొన్ని ఊళ్లలో దీన్నే ఇంటర్‌లాక్ అంటారు. రోజుకు రెండు జాకెట్లకన్నా ఎక్కువ కుట్టకపోతే, ఉన్న మిషన్‌లో జిగ్‌జాగ్ ఉంటే అంచులకు అదే చాలు. చీరల పీకో కూడా జిగ్‌జాగ్ పనే, ఓవర్‌లాక్‌లో రాదు. పీకో, ఫాల్ పనితో డబ్బు వచ్చేవారు ఓవర్‌లాక్‌కన్నా ముందు జిగ్‌జాగ్ మిషన్ గురించి ఆలోచించాలి.

నైటీలు, చుడీదార్లు, యూనిఫారాలు ఉంటే చిన్న నల్లటి మూడు దారాల ఓవర్‌లాక్ తల, జీఎన్1 రకం, మోటారుతో సహా అమ్మేది సరిపోతుంది. చప్పుడు ఎక్కువ, నూనె చేత్తో వేయాలి, కానీ ఏ ఊళ్లోనైనా బాగుచేసేవారు దొరుకుతారు. నాలుగు దారాలది సాగే బట్టలకు, టీషర్టులకు కావాలి. జాకెట్లకు దానితో పనిలేదు.

ఓవర్‌లాక్ కొన్న మొదటి వారంలో అందరూ ఏడ్చేది దారాలు ఎక్కించడం దగ్గరే. వరుస తప్పితే వెంటనే తెగుతుంది. ముందు పై లూపర్ (అంచు చుట్టూ దారం అల్లే కొక్కెం), తర్వాత కింది లూపర్, అన్నిటికన్నా చివర సూది. కింది లూపర్ దారం తెగిందని దాన్నొక్కదాన్నే మళ్లీ ఎక్కిస్తే మళ్లీ తెగుతుంది. సూది దారం తీసేసి, లూపర్ ఎక్కించి, తర్వాత సూదికి ఎక్కించాలి. దారాలు మార్చేటప్పుడు పాతవాటిని బయటికి లాగేయకుండా కోను దగ్గర కత్తిరించి కొత్త దారాన్ని ముడివేసి, టెన్షన్లు వదులుచేసి మెల్లగా లాగితే లూపర్ల గుండా అదే వెళ్తుంది. సూది రంధ్రం దగ్గర ముడి పట్టదు, అక్కడ కత్తిరించి చేత్తో ఎక్కించాలి.

కుట్టు చూసి లోపం పట్టుకోవచ్చు. అంచు దాటి దారం ఉచ్చులుగా వేలాడుతుంటే లూపర్ టెన్షన్ వదులు, లేకపోతే కత్తి ఎక్కువ కోస్తోంది. అంచు చుట్టచుట్టుకుపోతుంటే లూపర్ టెన్షన్ బిగువు. అంచు పోగులు పోగులుగా తెగుతుంటే కత్తి మొద్దుబారింది. కుట్లు తప్పుతుంటే సూది పూర్తిగా పైకి ఎక్కలేదేమో మొదట చూడాలి. బట్టమీద గుండుసూది మరిచిపోయి లోపలికి తోస్తే కత్తి పళ్లు పోయి కొత్త కత్తి కొనాల్సివస్తుంది. ఓవర్‌లాక్ దగ్గర గుండుసూదులు వాడకపోవడమే మేలు.

పవర్ మిషన్

బారు కుట్ల పని నిజంగా ఉందని తేలాక ఇక్కడికి రండి. ఇక్కడ చూడాల్సింది తల పేరుకన్నా మోటారు రకం.

పాత రకం క్లచ్ మోటారు, అర హెచ్‌పీ, స్విచ్ వేయగానే తిరగడం మొదలుపెట్టి, మీరు తొక్కినా తొక్కకపోయినా తిరుగుతూనే ఉంటుంది. కరెంటు కాలుతూనే ఉంటుంది, గది హోరెత్తిపోతుంది, పైఅంతస్తులో ఉంటే కిందివాళ్లతో గొడవ. పెడల్ కాస్త గట్టిగా తొక్కితే మిషన్ దూకేస్తుంది. ఇంట్లో నేర్చుకునేవారికి ఇది సరిపడదు. సర్వో మోటారు తొక్కినప్పుడే తిరుగుతుంది, చప్పుడు లేదు, వేగాన్ని డబ్బామీది మీటలతో కట్టేయవచ్చు. మొదటి నెల 1,500కి కట్టి, చేయి కుదిరాక 2,500కి పెంచండి. అంతకుమించి జాకెట్లకు అక్కర్లేదు. ఆగినప్పుడు సూది కింద ఉండాలా పైన ఉండాలా అన్నది కూడా చాలా సర్వోల్లో అమర్చుకోవచ్చు. సూది బట్టలోనే ఆగితే మలుపు తిప్పడం సుఖం. వేగం కన్నా ఈ ఒక్క వసతే జాకెట్ పనిలో ఎక్కువ కలిసొస్తుంది.

డబ్బు తక్కువైతే ఒక మధ్య దారి ఉంది. మంచి స్థితిలో ఉన్న పాత జూకీ తరహా తలను స్టాండుతో కొని, క్లచ్ మోటారు తీసేసి కొత్త సర్వో బిగించడం. చాలా సర్వోలు అదే మూడు బోల్టుల రంధ్రాల్లో కూర్చుంటాయి. మోటారు పుల్లీ చిన్నదైతే వేగం తగ్గి బలం పెరుగుతుంది, మందం బట్టకు అది మంచిదే. బెల్టు పొడవు మాత్రం మారుతుంది, పాత బెల్టు పట్టుకెళ్లి కొలిపించి తీసుకోండి. తలలోనే మోటారు ఇమిడిన డైరెక్ట్ డ్రైవ్ మిషన్‌కు ఈ బెల్టు బాధ లేదు, కాని దాని కంట్రోల్ బాక్సు పోతే పని ఆగిపోతుంది. ఆ బాక్సు మీ ఊళ్లో దొరుకుతుందా, హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో తెప్పించాలా, ఎన్ని రోజులు పడుతుంది అని కొనే ముందే అడగండి. వారంటీ తలకు వేరు, మోటారుకు వేరు, కంట్రోల్ బాక్సుకు వేరు ఉంటుంది. మూడూ బిల్లుమీద విడివిడిగా రాయించాలి. ‘అన్నీ వారంటీలోనే’ అన్న నోటిమాటతో ఊరుకోవద్దు.

ఈ బాక్సులకు శత్రువు వోల్టేజీ ఊగిసలాట. సాయంత్రం పూట వోల్టేజీ పడిపోయే వీధిలో ఉంటే ఒక కేవీఏ స్టెబిలైజర్ పెట్టండి. ఉరుములప్పుడు స్విచ్ ఆపడం చాలదు, ప్లగ్గే పీకేయాలి. కరెంటు పోయి వచ్చేటప్పుడు ఒక్కసారిగా ఎగిరే వోల్టేజీకి బాక్సులు పోతాయి కాబట్టి కరెంటు పోగానే స్విచ్ ఆపేసి, వచ్చిన రెండు నిమిషాల తర్వాత వేయండి. ఇన్వర్టర్‌మీద నడపాలంటే సైన్ వేవ్ రకమే కావాలి. స్క్వేర్ వేవ్ దానిమీద మోటార్లు హోరుపెడతాయి, వేడెక్కుతాయి.

నూనె సంగతి. తల కింద తొట్టి ఉన్న మిషన్లు నూనె ఖాళీ చేసి రవాణా అవుతాయి. ఇంటికొచ్చిన రోజే తొట్టిలో పై గీతకూ కింది గీతకూ మధ్యదాకా తెల్ల మిషన్ నూనె పోయకుండా నడిపితే లోపలి షాఫ్టు పట్టేస్తుంది. నడుస్తున్నప్పుడు తలమీది అద్దం బిళ్లలో నూనె చిందుతూ కనిపించాలి. కనిపించలేదంటే ఆపండి. పట్టు చీరలు, పట్టు జాకెట్లే ఎక్కువగా కుట్టేవారు మాత్రం సూది కమ్మీ దగ్గర నూనె తక్కువ అవసరమయ్యే సెమీ డ్రై రకం అడగాలి. ఒక్క నూనె చుక్క పట్టుమీద పడితే ఆ చీర ఖరీదు ముందు మిషన్‌లో మిగిలిన డబ్బు ఎక్కడికీ చాలదు. ఏ మిషనైనా రోజు మొదటి కుట్టు పాత గుడ్డమీద వేయడం అలవాటు చేసుకోండి.

పాత మిషన్ చూసేటప్పుడు మీ గుడ్డపేలికలు మీరే పట్టుకెళ్లండి: లైనింగ్, జార్జెట్, బ్రొకేడ్, నాలుగు మడతల జీన్సు. దారం తీసేసి కాగితంమీద కుట్టించండి. రంధ్రాలు బారుగా, సమాన దూరంలో ఉండాలి. వెనక్కి కుట్టినప్పుడు అదే వరుసలో పడాలి. సూది కమ్మీని పట్టుకుని ముందుకూ పక్కకూ కదపండి. లొటలొటలాడితే లోపల బుష్షులు అరిగాయి, ధర ఎంత తగ్గించినా వదిలేయండి. జార్జెట్‌మీద ముడతలు లేకుండా, జీన్సుమీద కుట్టు తప్పకుండా వస్తే ఇక రంగు పోయినా ఫరవాలేదు.

కరెంటు కట్టర్

100 మి.మీ. గుండ్రటి బ్లేడున్న చేతి కట్టర్ సుమారు అంగుళం ఎత్తు బట్టను కోస్తుంది. కాని జాకెట్లు ఒక్కొక్కటీ ఒక్కో కొలతే. పొరలు పేర్చి కోసే అవకాశమే లేదు. ఒక్క పొరకు పదునైన 10 అంగుళాల కత్తెరే మేలు. యూనిఫారాలు, లోపలి లంగాలు, నైటీలు ఒకే సైజులో పది ఇరవై కుట్టేవారికే కట్టర్ పని. గుండ్రటి బ్లేడుకు ఒక గుణం ఉంది. పై పొర ముందు తెగుతుంది, కింది పొర వెనకబడుతుంది. అందుకే చంక మలుపుల దగ్గర కట్టర్‌ను ముందే ఆపి, మిగతాది కత్తెరతో కోయాలి. లేకపోతే పది ముక్కల్లో పదీ వేరువేరు వంపులు వస్తాయి. జారే బట్టకు కింద కాగితం పరిచి, చుట్టూ క్లిప్పులు పెట్టాలి. బట్టను అదిమిపట్టే చేతికి ఇనుప జాలీ తొడుగు లేకుండా ఈ పనిముట్టు ముట్టుకోవద్దు.

అరచేతిలో ఇమిడే బ్యాటరీ కుట్టు మిషన్లని ఆన్‌లైన్‌లో అమ్మేవి కుట్టుగది పనిముట్లు కావు. ఒకే దారంతో గొలుసు కుట్టు వేస్తాయి. ఒక కొస లాగితే మొత్తం ఊడిపోతుంది.

ఎప్పుడు కొనాలి, డబ్బు ఎక్కడిది

మిషన్ కొత్తదైతే చేయి కుదరడానికి నెల పడుతుంది. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతాల జాకెట్లు మీద పడ్డాక కొత్త మిషన్ పెట్టుకుంటే పాత వేగం కూడా పోతుంది. పెళ్లిళ్లు లేని ఆషాఢంలో కొని, చేయి కుదుర్చుకోవడం మంచిది. యూనిఫారాలు కుట్టేవారు వేసవి సెలవులు మొదలయ్యేలోపే కొనాలి.

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 చేతివృత్తుల్లో దర్జీ పని ఒకటి. అందులో పనిముట్లకు రూ. 15,000 దాకా వోచరు, శిక్షణ రోజులకు రోజుకు రూ. 500, తర్వాత పూచీకత్తు లేకుండా 5 శాతం వడ్డీకి మొదటి విడత రూ. 1 లక్ష, రెండో విడత రూ. 2 లక్షల దాకా అప్పు ఉంటాయి. కుటుంబానికి ఒక్కరికే. వయసు 18 నిండాలి. దరఖాస్తు కామన్ సర్వీస్ సెంటర్ ద్వారా. వోచరు చేతికి వచ్చేదాకా పని ఆపుకుని కూర్చోకండి, కాని ఆ డబ్బు వస్తుందని తెలిస్తే దాన్ని ఓవర్‌లాక్‌కు కేటాయించి, మోటారు సొంత డబ్బుతో ఇప్పుడే వేసుకోవచ్చు.

కొన్న రోజే అదే దుకాణంలో ఇవి కూడా తీసుకోండి: ఒక అదనపు బెల్టు, ఒక జత కార్బన్ బ్రష్షులు, ఒక బాబిన్ కేసు, పది బాబిన్లు, మీరు వాడే రెండు నంబర్ల సూదులు చెరో ప్యాకెట్టు, అర లీటరు మిషన్ నూనె. వీటి మోడల్ నంబర్లు మూత లోపల కాగితంమీద రాసి అంటించండి. దసరా ముందు రాత్రి బెల్టు తెగితే ఆ నంబరుతో పని పడుతుంది.